‘నా చేతికే రన్ ఫెయిల్ అవుతోంది’

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ శివార్లలోని ఒక ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయిది. పేరు, సంస్థ వివరాలు బయటికి రాకూడదని కోరారు కాబట్టి విషయం వరకే చెబుతాను.

ఎమ్మెస్సీ పూర్తిచేసి, గత ఏడాది బయోఎనలిటికల్ ల్యాబ్‌లో ఎనలిస్ట్‌గా చేరారు. మందు వేసుకున్న వలంటీర్ల రక్తం నుంచి వేరుచేసిన ప్లాస్మాలో ఆ మందు ఎంత ఉందో కొలవడం అక్కడి పని. పిపెట్‌తో (ద్రవాన్ని కొలిచి లాగే చేతి పరికరం) ప్లాస్మా 100 మైక్రోలీటర్లు తీసుకుని, ఇంటర్నల్ స్టాండర్డ్ (పోలిక కోసం తెలిసినంత కలిపే పదార్థం) కలిపిన ఎసిటోనైట్రైల్ అనే ద్రావకం 300 మైక్రోలీటర్లు పోస్తారు. ప్రొటీన్లు అడుక్కి దిగాక పైన తేరినదాన్ని మెషీన్‌కి ఇస్తారు. ఈమె తయారుచేసిన బ్యాచ్‌లలో (వీటినే రన్‌లు అంటారు) క్యూసీలు, అంటే మందు ఎంత ఉందో ముందే తెలిసిన పరీక్ష నమూనాలు, తరచూ హద్దు దాటుతున్నాయి. కొన్ని ఎక్కువ చూపిస్తున్నాయి, కొన్ని తక్కువ. ఎసిటోనైట్రైల్ ట్యూబు దాకా చేరకముందే టిప్ (పిపెట్‌కి తొడిగే ప్లాస్టిక్ మూతి) చివర నుంచి చుక్క రాలుతోంది. ఒకరోజు సూపర్‌వైజర్ అందరి ముందూ ‘నీ చేతిలోనే ఏదో లోపం ఉంది’ అన్నారు. పక్క బెంచి కుర్రాడి రన్‌లు మాత్రం హాయిగా పాసవుతున్నాయి. గమనిస్తే అతను ప్లంజర్‌ని (పిపెట్ పైన బొటనవేలితో నొక్కే మీట) అడుగంటా నొక్కి ద్రవాన్ని లాగుతున్నాడట. కాలేజీలో నేర్పింది అలా కాదు. అతనికి తప్పు అని చెప్పాలా వద్దా అని ఈమెకి సందేహం. ఒక సీనియర్, 300 బదులు ‘డయల్ 310 పెట్టుకో, సరిపోతుంది’ అన్నారు. ఇంకొకరు ‘ఫెయిలైతే మళ్లీ చేసెయ్, మొదటిది బుక్‌లో ఎక్కించకు’ అన్నారు. వారంలో రెండు రోజులు ఎలైజా అనే పరీక్షల సెక్షన్‌లో వాష్ బఫర్ (కడగడానికి వాడే ద్రవం) చేస్తారు. అక్కడ ట్వీన్ 20 అనే చిక్కటి, సబ్బులాంటి ద్రవంతో ఇంకో తంటా. బొటనవేలు నొప్పి. ప్రొబేషన్ రివ్యూ దగ్గరపడుతోంది. చదువు కోసం తీసుకున్న లోన్ ఇంకా తీరలేదు. ‘వాళ్లు తీసేయకముందే నేనే మానేయనా? అసలు నేను ఈ పనికి పనికొస్తానా?’ అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు విషయాలు చిక్కుపడి ఉన్నాయి. ద్రవాల సంగతి ఒకటి, బుక్‌లో రాసే రాతల సంగతి ఒకటి, సూపర్‌వైజర్ మాట ఒకటి. మూడూ ఒకేసారి నెత్తిన పడేసరికి మీకు ‘నేను పనికిరాను’ అనే ఒక్క వాక్యంగా వినిపిస్తున్నాయి. ముందు ద్రవాల సంగతి చూద్దాం, మిగతా రెండూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

మీ చేతిలో ఉన్న పిపెట్ ద్రవాన్ని నేరుగా పట్టుకోదు. పిస్టన్‌కీ ద్రవానికీ మధ్య కొంచెం గాలి ఉంటుంది. పిస్టన్ గాలిని లాగితే, గాలి ద్రవాన్ని లాగుతుంది. 1950ల చివర్లో జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ ఈ పరికరాన్ని రూపొందించినప్పుడు, ద్రవం పిస్టన్‌ని తాకకుండా ఉండటానికే ఆ గాలిని మధ్యలో పెట్టాడు. అందులో గొప్ప సౌకర్యం ఉంది, మీ కష్టాలన్నీ కూడా అందులోనే ఉన్నాయి. పిపెట్‌ని కాలిబ్రేట్ చేసేది, అంటే దాని కొలత సరిచూసేది నీటితో. గది వేడిమిలో ఉన్న నీళ్లయితే అది చెప్పిన మాట నిలబెట్టుకుంటుంది. త్వరగా ఆవిరయ్యేవి, చిక్కగా ఉండేవి, టిప్ గోడకి పొరలా అంటుకునేవి, నురగ కట్టేవి అయితే డయల్ మీద అంకె ఒకటి, ట్యూబులో పడేది ఇంకొకటి. మీ బెంచి మీద ఈ నాలుగు రకాలూ ఉన్నాయి.

మీరు యథాలాపంగా రాసిన ఒక వివరం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇంటర్నల్ స్టాండర్డ్ మీ ల్యాబ్‌లో ఎసిటోనైట్రైల్‌లోనే కలిసి ఉంది. మెషీన్ చూసేది మందుకీ ఇంటర్నల్ స్టాండర్డ్‌కీ మధ్య నిష్పత్తి. ఇంటర్నల్ స్టాండర్డ్‌ని ప్లాస్మాలో విడిగా ముందే వేసి ఉంటే, తర్వాత ఎసిటోనైట్రైల్ కాస్త అటూ ఇటూ అయినా నిష్పత్తి పెద్దగా చెదరదు. మీ దగ్గర అలా కాదు. రాలిన ప్రతి చుక్కతో పాటు ఇంటర్నల్ స్టాండర్డ్ కూడా పోతోంది. అది తగ్గితే నిష్పత్తి పెరుగుతుంది, మందు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒక్క చుక్క 10 మైక్రోలీటర్లు అనుకుంటే 300లో మూడు శాతం పైనే. మూడు చుక్కలు రాలితే పది. ఐసీహెచ్ ఎం10 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం క్యూసీలకి ఉన్న హద్దు 15 శాతం అని మీకు తెలుసు. అందులో సగానికి పైగా దారిలోనే పోతోందన్నమాట. కాలిబ్రేషన్ ట్యూబులు (మెషీన్‌కి కొలమానంగా ఇచ్చే, మందు పరిమాణం తెలిసినవి) సీసాకి దగ్గర వరుసలోనూ, క్యూసీలు చివరి వరుసలోనూ పెడతామని కూడా రాశారు. దూరం ఎక్కువైతే టిప్ గాలిలో ఉండే సమయం ఎక్కువ, చుక్కలూ ఎక్కువ. మీ క్యూసీల్లో పైకి పోతున్నవాటికి నేను మొదట అనుమానించేది దీన్నే.

చుక్క ఎందుకు రాలుతుందంటే, ఎసిటోనైట్రైల్‌కి ఆవిరి ఒత్తిడి నీటికి నాలుగు రెట్లు. పొడి టిప్‌లోకి లాగగానే అది ఆవిరై లోపలి గాలిలో చేరుతుంది. గాలి ఉబ్బి ద్రవాన్ని కిందికి నెడుతుంది. అందుకని లోపలి గాలిని ముందే ఆ ఆవిరితో నింపాలి. అదే టిప్‌తో మూడు నుంచి ఐదు సార్లు లాగి వదిలి, తర్వాత కొలత తీసుకోండి. ఒకసారి పరీక్షించండి: టిప్ నింపి, నిటారుగా పట్టుకుని పది సెకన్లు చూడండి. చుక్క రాలితే ఇంకా తడపాలి. టిప్ ప్లాస్మానీ ట్యూబు గోడనీ తాకకుండా పోయగలిగితే వరుసంతా ఒకే టిప్‌తో పోయొచ్చు, మార్చినప్పుడల్లా మళ్లీ తడపాలి. తాకిందని అనుమానం వస్తే మాత్రం మార్చేయండి. పెద్ద సీసాలో నేరుగా టిప్ ముంచకుండా చిన్న గాజు వయల్‌లోకి పోసుకోండి, వాడనప్పుడు మూత పెట్టండి. మూత లేకపోతే ఎసిటోనైట్రైల్ ఎగిరిపోయి, మిగిలిన దాంట్లో ఇంటర్నల్ స్టాండర్డ్ చిక్కబడుతుంది. అప్పుడు తప్పు రెండో వైపుకి మొగ్గుతుంది.

తక్కువ చూపిస్తున్న క్యూసీలకి కారణం బహుశా ప్లాస్మాలో ఉంది. ఫ్రీజర్ నుంచి తీసి కరిగించిన ప్లాస్మాలో సన్నని ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) పోగులు తేలుతుంటాయి. అవి టిప్ మూతికి అడ్డం పడితే ద్రవం బదులు గాలి లోపలికి వస్తుంది, పైకి 100 ఉన్నట్టే కనిపిస్తుంది. పూర్తిగా కరిగాక బాగా కలిపి, ఒకసారి సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి పోగుల్ని అడుక్కి దించి), పైనుంచి తీసుకుంటే సగం బాధ పోతుంది. మీ ఎస్ఓపీలో (పని ఎలా చేయాలో రాసి ఉండే ల్యాబ్ కాగితం) ఆ మెట్టు ఉందో లేదో చూడండి. ఇంకొకటి, ప్లాస్మాని చల్లగా ఉండగా తీయకండి. చల్లటి ద్రవంలో టిప్ పెడితే లోపలి గాలి కుంచించుకుపోయి ద్రవాన్ని కాస్త ఎక్కువ లాగుతుంది. తప్పనిసరిగా చల్లగానే తీయాల్సి వస్తే టిప్‌ని ముందు తడపకండి, ప్రతిసారీ కొత్త టిప్ వాడండి. తడపడం అన్నిచోట్లా మంచిదని చాలామంది అనుకుంటారు, ఇక్కడ మాత్రం అదే తప్పు పెంచుతుంది.

ఇక మీ పక్క బెంచి కుర్రాడి సంగతి. అతను చేస్తున్నది తప్పు కాదు. దాన్ని రివర్స్ పిపెటింగ్ అంటారు. ప్లంజర్ మామూలు కొలతకి ఆగే చోటు మొదటి స్టాప్, అడుగంటా నొక్కితే ఆగేది రెండో స్టాప్. రెండో స్టాప్ దాకా నొక్కి లాగుతారు, కావలసిన దానికంటే కొంచెం ఎక్కువ వస్తుంది. వదిలేటప్పుడు మొదటి స్టాప్ దగ్గర ఆపేస్తారు. ఎక్కువగా వచ్చింది టిప్‌లోనే మిగిలిపోతుంది, దాన్ని పారేస్తారు. ప్లాస్మా, సీరమ్ లాంటివి టిప్ గోడకి పొరలా అంటుకుంటాయి. మామూలు పద్ధతిలో ఆ పొర మేరకి తగ్గుతుంది, ఎంత తగ్గుతుందనేది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. రివర్స్‌లో ఆ పొర మిగులులో కలిసిపోతుంది కాబట్టి పడేది నిలకడగా ఉంటుంది, చివర్లో గాలి ఊదకపోవడం వల్ల నురగ కూడా రాదు. అయితే రెండు జాగ్రత్తలు. రివర్స్ చేసినప్పుడు టిప్‌ని ట్యూబులోని ద్రవంతో కడగకూడదు, కడిగితే మిగులు కూడా అందులో పడి కొలత పెరుగుతుంది. రెండోది, నీళ్లలాంటి వాటికి ఈ పద్ధతి వాడితే కొంచెం ఎక్కువ పడే అవకాశం ఉంది. ఏ పద్ధతి ఎంచుకున్నా కాలిబ్రేషన్ ట్యూబులకీ క్యూసీలకీ శాంపిళ్లకీ ఒకే పద్ధతి ఉండాలి.

కాబట్టి అతనికి ‘తప్పు’ అని చెప్పకండి, ‘నాకు నేర్పు’ అని అడగండి. కానీ ఇక్కడ మీరు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఒకే ల్యాబ్‌లో ఒకే పరీక్షని ఇద్దరు రెండు పద్ధతుల్లో చేస్తున్నారు, ఎస్ఓపీలో దాని గురించి మాట లేదు. అది మీ లోపమూ కాదు, అతని లోపమూ కాదు. ఆ కాగితంలో లోపం. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ చేతిలో ఉండాల్సిన మొదటి మాట ఇదే.

పిపెట్ ఎంపిక కూడా చూడండి. మీరు 100 మైక్రోలీటర్ల ప్లాస్మాని దేనితో తీస్తున్నారో రాయలేదు. 1000 మైక్రోలీటర్ల పిపెట్‌తో అయితే వెంటనే మార్చండి. 2002లో వచ్చిన ఐఎస్ఓ 8655 ప్రమాణం 1000 పిపెట్‌కి 8 మైక్రోలీటర్ల తేడాని అనుమతించింది. 1000 తీసినప్పుడు అది 0.8 శాతం. అదే పిపెట్‌తో 100 తీస్తే ఆ 8 కాస్తా 8 శాతం. అంటే సర్టిఫికెట్ పక్కాగా ఉన్నా, స్టిక్కర్ పచ్చగా ఉన్నా, మీ పని చెడిపోవచ్చు. 100 పిపెట్‌కైతే అనుమతి 0.8 మైక్రోలీటర్లే. పైగా చిన్న పిపెట్‌లో మధ్య గాలి కూడా తక్కువ, ఆవిరి ఆటలు తక్కువ సాగుతాయి.

ట్వీన్ 20 గురించి ఎక్కువ చెప్పను, దాన్ని పిపెట్‌తో తీయడం మానేయండి. లీటరు బఫర్‌కి 0.05 శాతం అంటే అర మిల్లీలీటరు. అది ఆముదంలా టిప్ నిండా సాగుతూ, సగం లోపల, సగం బయట అంటుకుని ఉంటుంది. దాని సాంద్రత దాదాపు 1.1. చిన్న బీకర్‌ని బ్యాలెన్స్ మీద పెట్టి 0.55 గ్రాములు తూచి, కొంచెం బఫర్‌తో కడిగి లీటరులో కలిపేయండి. ఎస్ఓపీలో మైక్రోలీటర్లే రాసి ఉంటే, మార్చేదాకా టిప్ మూతి కత్తిరించి వెడల్పు చేసుకుని, నెమ్మదిగా లాగి, బయట అంటినదాన్ని తుడిచి, వదిలాక టిప్‌ని బఫర్‌లోనే పలుమార్లు కడగండి. ఇది మామూలు పద్ధతిలోనే, రివర్స్‌లో కాదు. ఇంకో పద్ధతి, ముందు 10 శాతం స్టాక్ చేసుకుని దాన్ని వాడుకోవడం. అది చాలావరకు నీళ్లలాగే నడుస్తుంది.

ఇప్పుడు ‘డయల్ 310 పెట్టుకో’ అన్న సలహా. దాని వెనక దురుద్దేశం లేదు, తర్కం కూడా కొంత ఉంది. ఫలానా ద్రవానికి పిపెట్‌ని సరిచేసుకోవడం అనేది నిజంగా ఉన్న పద్ధతే. కానీ దాన్ని బ్యాలెన్స్ మీద రుజువు చేసి, కాగితం మీద రాసి, ఆ పిపెట్‌ని ఆ ద్రవానికే కేటాయించి, పైన లేబుల్ అంటించి చేస్తారు. మీరు గుట్టుగా చేస్తే ఏమవుతుందో చూడండి. చుక్క రాలిన రోజు 310 సరిపోతుంది, రాలని రోజు ఎక్కువ అవుతుంది. ఎండాకాలం ఏసీ మొరాయించిన రోజు ఇంకోలా ఉంటుంది. మీ తర్వాత పిపెట్ తీసుకున్నవాళ్లకి ఆ సంగతి తెలియదు. ఎస్ఓపీలో 300 అని ఉంది, మీరు సంతకం పెట్టేది 300 అనే. రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

‘మళ్లీ చేసెయ్, మొదటిది ఎక్కించకు’ అన్నదాని విషయంలో మాత్రం నేను మీకు రెండు దారులు చూపించలేను. ఫెయిలైన రన్ కూడా రికార్డే. ఎందుకు ఫెయిలైందో, ఎందుకు మళ్లీ చేశారో రాసి మళ్లీ చేయడం మామూలు విషయం, ప్రతి ల్యాబ్‌లోనూ జరుగుతుంది. రాయకుండా చేయడం వేరే. పాసయ్యేదాకా చేసి పాసైనదే చూపించడం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖల్లో పదే పదే కనిపిస్తుంది. 2015లో హైదరాబాద్‌లోని ఒక చోట జరిగిన అధ్యయనాల్లో ఈసీజీ రికార్డుల మీద సందేహం వచ్చి, యూరప్ మందుల సంస్థ దాదాపు 700 రకాల మందుల అనుమతులు ఆపమని సిఫారసు చేసింది. ఆ 700 వెనక ఎంతమంది ఉద్యోగాలు ఉన్నాయో ఆలోచించండి. ఆ మందులు వేసుకునేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువమంది. సలహా ఇచ్చిన సీనియర్ మీ మేలు కోరే చెప్పి ఉండొచ్చు. కానీ ఆడిట్‌లో మెషీన్ లాగ్‌కీ మీ బుక్‌కీ తేడా వస్తే అక్కడ ఉండేది మీ సంతకం, ఆయనది కాదు. ఇప్పటిదాకా మీరు అలా చేయలేదని రాశారు. అది మీ దగ్గర ఉన్న గట్టి బలం, పోగొట్టుకోకండి.

ఇక సూపర్‌వైజర్‌తో ఏం చేయాలి? మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

ఎవరికీ చెప్పకుండా, పైన చెప్పినవన్నీ పాటించి, మీ రన్‌లు పాసయ్యేలా చేసుకోవడం ఒకటి. గొడవ ఉండదు, చాలామంది చేసేది ఇదే. కానీ ‘చేతిలో లోపం’ అనే మాట అలాగే ఉండిపోతుంది. ఈసారి ఏ కారణంతో ఫెయిలైనా మళ్లీ మీమీదికే వస్తుంది. పైగా ఎస్ఓపీలో లేని పద్ధతిని మీరూ గుట్టుగా చేస్తున్నట్టే అవుతుంది.

ఆయన్ని ఎదిరించి మాట్లాడటం ఇంకొకటి. అందరి ముందూ అలా అనడం అన్యాయమే. మీకు కోపం రావడంలో తప్పేమీ లేదు. కాకపోతే రివ్యూ ముందు ఆ సంభాషణ మీ నైపుణ్యం గురించి కాకుండా మీ ప్రవర్తన గురించి అయిపోయే ప్రమాదం ఉంది.

నేను మొగ్గు చూపేది మూడోదానికి. బ్యాలెన్స్ దగ్గర ఒక అరగంట అడగండి. మీరు రోజూ వాడే పిపెట్‌తో, చిన్న వయల్‌లోకి 100 మైక్రోలీటర్ల నీళ్లు పది సార్లు పోసి ప్రతిసారీ తూచండి. 25 డిగ్రీల దగ్గర ఒక్కోటి 99.6 మిల్లీగ్రాముల చుట్టూ ఉండాలి. సగటు, సీవీ (పదింటి మధ్య చెదురు ఎంత శాతమో) లెక్కకట్టండి. అది బాగుంటే మీ చేయి బాగున్నట్టే, పిపెట్ కూడా బాగున్నట్టే. ఆ కాగితం మీద తేదీ వేసుకోండి. తర్వాత ఎసిటోనైట్రైల్‌తో, తడపకుండా పది, తడిపి పది. ఇది ఆవిరైపోతుంది కాబట్టి మూత ఉన్న వయల్‌లో, పోసిన వెంటనే మూసి తూచండి. 300 మైక్రోలీటర్లకి సుమారు 235 మిల్లీగ్రాములు రావాలి. ప్లాస్మాకి మామూలు పద్ధతి పది, రివర్స్ పది. ఇందులో అంకె కంటే పదింటి మధ్య చెదురు ఎంత ఉందన్నదే ముఖ్యం. పక్క బెంచి కుర్రాడితో కూడా అవే చేయించగలిగితే ఇంకా మంచిది.

నీళ్లలో మీ సీవీ బాగుండి, తడపని ఎసిటోనైట్రైల్‌లో చెదిరి, తడిపితే సర్దుకుంటే, ఇక వాదన అక్కర్లేదు. ఆ కాగితం తీసుకుని ఆయన గదికి ఒక్కరే వెళ్లండి. ‘సార్, మీరు ఆ రోజు అలా అన్నారు’ అని మొదలుపెట్టకండి. ‘సార్, క్యూసీలు ఎందుకు చెదురుతున్నాయో కొంత దొరికింది, ఒకసారి చూస్తారా’ అనండి. టిప్ తడపడం, ప్లాస్మాకి రివర్స్, కరిగించాక సెంట్రిఫ్యూజ్, ఈ మూడూ ఎస్ఓపీలో చేర్చమని అడగండి. మార్పుకి క్యూఏ (నాణ్యత చూసే విభాగం) అనుమతి కావాలి, అవసరమైతే కొంత వాలిడేషన్ (పద్ధతి సరిగ్గా పనిచేస్తుందని రుజువు చేయడం) మళ్లీ చేయాల్సి రావచ్చు. ఆయనకి అది అదనపు పని కాబట్టి మొదట చికాకు పడొచ్చు. ఇంటర్నల్ స్టాండర్డ్‌ని విడిగా ముందే వేసే ఆలోచన కూడా చెప్పండి, కానీ అది పద్ధతినే మార్చడం, దానికి ఇంకా సమయం పడుతుంది. పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పిపెట్ ఒకటి కొనిపించగలిగితే ఎసిటోనైట్రైల్ చుక్కల బాధే ఉండదు, అందులో పిస్టన్ నేరుగా ద్రవాన్ని తాకుతుంది. ఖరీదు ఎక్కువ, టిప్‌లూ ఖరీదే. అడిగితే తప్పులేదు.

ఒకవేళ నీళ్లతోనే మీ సీవీ చెదిరితే? అప్పుడూ భయపడకండి. ముందు అదే పిపెట్‌ని ఇంకొకరి చేతికివ్వండి. వాళ్లకీ చెదిరితే సీలు అరిగిందని అర్థం, సర్వీసుకి పంపాలి. ద్రావకాల ఆవిర్లు లోపలి గ్రీజుని కూడా తినేస్తాయి, మీ ల్యాబ్‌లో అది మామూలే. వాళ్లకి బాగా వచ్చి మీకే చెదిరితే, అది అలవాటు సంగతి. టిప్ ఎంత లోతు ముంచుతున్నారు, ప్లంజర్ ఎంత వేగంగా వదులుతున్నారు, లాగాక ఒక సెకను ఆగుతున్నారా, పిపెట్‌ని వాల్చి పట్టుకుంటున్నారా, ఇవి చూసుకోవాలి. నీళ్లతో రోజుకి కాసేపు బ్యాలెన్స్ దగ్గర సాధన చేస్తే కుదురుతుంది. ఇది చేతి పని, నేర్చుకుంటే వస్తుంది. పుట్టుకతో ఎవరికీ రాదు.

నాలుగోది, రాజీనామా. ఆ దారి మీకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఈ నెలే వాడాల్సిన పనిలేదు. రివ్యూకి ముందు మానేస్తే, కారణం తేలకుండానే ‘నాకు చేతకాలేదు’ అనే నమ్మకాన్ని మోసుకుని ఇంకో ల్యాబ్‌కి వెళతారు. అక్కడా ప్లాస్మా, ఎసిటోనైట్రైల్ ఉంటాయి. కాగితం చూపించాక కూడా ఆయన వినకపోతే, లేక ఫెయిలైనవి దాచమనే ఒత్తిడి పైనుంచే వస్తే, అప్పుడు వేరే ఉద్యోగం చూసుకోండి. లోన్ ఉంది కాబట్టి చేతిలో ఆఫర్ వచ్చాకే. అప్పుడు మీరు వెళ్లేది పని రాక కాదు, ఆ చోటు సరైంది కాక. ఇంటర్వ్యూలో ఈ సమస్యని ఎలా పట్టుకున్నారో వివరంగా చెప్పగలిగితే, వినేవాళ్లు పని తెలిసినవాళ్లయితే దాని విలువ గ్రహిస్తారు.

బొటనవేలు నొప్పిని వాయిదా వేయకండి. నొప్పి ఉన్న వేలు ప్లంజర్‌ని ఒకే తీరుగా వదలలేదు, అది కూడా చెదురుకి ఒక కారణం. టిప్‌ని గుద్ది బిగించకుండా మెల్లగా తొడగండి, తీసేటప్పుడు బలం తగ్గుతుంది. పెద్ద బ్యాచ్‌ని ఒకే ఊపులో కాకుండా మధ్యలో లేచి, పిపెట్‌ని స్టాండులో పెట్టి, చేయి దులుపుకుని మొదలుపెట్టండి. ల్యాబ్‌లో ఎలక్ట్రానిక్ పిపెట్ ఉంటే ఎసిటోనైట్రైల్ వరుసకి దాన్ని అడగండి. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించండి, ఏం పని చేస్తారో కూడా ఆయనకి చెప్పండి.